పాఠకుల ప్రశ్నలు: ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం

గత సంచికలో ఈ శీర్షిక చివర పాఠకులను ఒక మాట అడిగాం: ప్రస్తుతం మీరు చదువుతున్న పుస్తకం ఏది, అందులో ఎంతవరకు వచ్చారు? అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం ఏదని గాని, జీవితాన్ని మార్చిన పుస్తకం ఏదని గాని అడగలేదు. ఆ ప్రశ్నలకు ఏళ్ల తరబడి చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబులు మనందరి దగ్గరా సిద్ధంగా ఉంటాయి. వచ్చిన ఉత్తరాల్లో చాలామంది జవాబు చెప్పడానికి ముందు తమ సందేహాలు తీర్చమన్నారు. వాటిలో కొన్ని ఇవి.

ప్రశ్న: నవీన్ గారి ‘అంపశయ్య’ మొదలుపెట్టి చాలా రోజులైంది, ఇంకా మూడో వంతు కూడా దాటలేదు. ఏం చదువుతున్నావని స్నేహితులు అడిగితే, పూర్తయ్యాక చెబుతానని తప్పించుకుంటున్నాను. సగం కూడా చదవని పుస్తకం గురించి మాట్లాడవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. మేము అడిగింది కూడా సరిగ్గా మీలాంటి పాఠకులనే. 1969లో వెలువడిన ఆ నవల ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలోని ఒక్క రోజును అతని ఆలోచనల వెంటే నడిపిస్తుంది. చైతన్య స్రవంతి పద్ధతిలో రాసిన ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. బయట జరిగే సంఘటనలు తక్కువ, లోపల సుడులు తిరిగే ఆలోచనలు ఎక్కువ కావడం వల్ల, కథ ఎటు పోతుందోనన్న ఉత్కంఠతో పేజీలు తిప్పే అలవాటున్నవారు అందులో ఎక్కడో ఒకచోట ఆగిపోవడం సహజం. పుస్తకం పూర్తి చేసినవారు తాము ఎక్కడ ఆగిపోయారో మరిచిపోయి, చివరికి తమకు కలిగిన అభిప్రాయాన్ని మాత్రమే చెబుతారు. మధ్యలో ఉన్నవారికి ఆ ఇబ్బంది ఇంకా తాజాగా ఉంటుంది, కాబట్టి ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో వారు చెప్పగలరు. వినేవారికి కూడా అందులో పాలుపంచుకోవడానికి చోటు దొరుకుతుంది. ‘అద్భుతమైన నవల’ అనే మాటకు తలూపడం తప్ప ఎవరైనా చేయగలిగింది లేదు. ‘రవి ఇంకా గదిలోనే ఉన్నాడు, నాకు విసుగొస్తోంది, కానీ వదలబుద్ధి కావడం లేదు’ అంటే, అదే నవల చదివిన వాళ్లెవరైనా వెంటనే తమ అనుభవం చెబుతారు.

మీరు చేయకూడనిది ఒకటే: మూడో వంతులో ఉండి మొత్తం పుస్తకం మీద తీర్పు చెప్పకండి. ఒకవేళ పుస్తకాన్ని అక్కడే వదిలేస్తే ఆ సంగతి కూడా దాచవద్దు. ఎక్కడ వదిలేశారో చెప్పిన పాఠకుడి మాటను, అన్నీ పూర్తి చేశానని చెప్పే పాఠకుడి మాటకన్నా మేము ఎక్కువగా నమ్ముతాం.

ప్రశ్న: ‘కన్యాశుల్కం’ ఎన్నోసారి చదువుతున్నానో నాకే గుర్తులేదు. కొత్త పుస్తకాల గురించి మాట్లాడేవారి మధ్య ఈ మాట చెబితే, ‘మాస్టారు ఇంకా గిరీశం దగ్గరే ఉన్నారు’ అని నవ్వుతున్నారు. మళ్లీ చదవడం కూడా ఇప్పుడు చదువుతున్నట్టే లెక్కా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నవ్వేవారిని మీరు ఒక ప్రశ్న అడగండి: ఏ ‘కన్యాశుల్కం’? ఆ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. మనం నేడు చదువుతున్నది, రంగస్థలం మీద చూస్తున్నది గురజాడ దాదాపు తిరగరాసి 1909లో వెలువరించిన రూపం. తొలి రూపంకన్నా ఇది చాలా పెద్దది, మధురవాణి పాత్ర కూడా ఇందులోనే అంతగా విస్తరించింది. సాహిత్య పరిశోధకుడు బంగోరె పరిష్కరించి ప్రకటించిన తొలి ప్రతి దొరికితే, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక్క అంకం చదివి చూడండి. రచయితే తన నాటకాన్ని పన్నెండేళ్ల తరువాత మళ్లీ చేతిలోకి తీసుకుని తిరగరాసినప్పుడు, పాఠకుడు మళ్లీ చదవడంలో వింతేముంది? అయితే మీ బృందంలో ‘మళ్లీ చదువుతున్నాను’ అని ఊరుకోవద్దు. ఈసారి కొత్తగా కనిపించినదేమిటో ఒక్క సంభాషణనైనా చదివి వినిపించండి. గిరీశం మాటల దగ్గర అందరూ నవ్వుతారు. లుబ్ధావధాన్లు ఇంట్లో మీనాక్షి మాట్లాడే చోట ఆగి చూసేవారు తక్కువ, కాబట్టి అక్కడ మొదలుపెట్టమని మా సూచన.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం కొందరం నెలకోసారి కలిసి, ఎవరేం చదువుతున్నామో చెప్పుకోవాలని మొదలుపెట్టాం. మొదటి సమావేశంలో ఒక పెద్దాయన గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. రెండో సమావేశానికి సగం మంది రాలేదు. ఇది నిలవాలంటే ఏం చేయాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

జవాబు: ఈ కష్టం మీ ఒక్కరిదే కాదు. తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట అధ్యక్షోపన్యాసం దానంతట అదే పుట్టుకొస్తుంది. ఆ పెద్దాయనను నొప్పించకుండా పద్ధతి మార్చడానికి దారులు ఉన్నాయి.

మొదటిది, చదువుతున్న పుస్తకం చేతిలో లేకుండా ఎవరూ రాకూడదని నియమం పెట్టండి. ఈ ఒక్క నియమంతో సగం ఉపన్యాసాలు ఆగిపోతాయి, ఎందుకంటే ఎప్పుడో చదివిన పుస్తకాల జ్ఞాపకాలకు కాలపరిమితి ఉండదు, చేతిలో ఉన్న పుస్తకానికి మాత్రం గుర్తుపెట్టిన పేజీ ఒకటి ఉంటుంది. ఆ పేజీ నుంచి ఒక పేరా పైకి చదవాలి, అది ఎందుకు ఎంచుకున్నారో రెండు మూడు మాటల్లో చెప్పాలి, ఆ తరువాత ప్రశ్నలు అడగనివ్వాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు దాటకూడదు. ఎక్కువ మాట్లాడే పెద్దాయనకే సమయపాలన బాధ్యత అప్పగించండి. ఎదుటివారిని గంట కొట్టి ఆపే మనిషి తాను గంటసేపు మాట్లాడడానికి మొహమాటపడతాడు.

రెండోది, అందరూ ఒకే పుస్తకం చదివి రావాలనే పట్టుదల వద్దు. పాఠశాల వాసన వచ్చిన మరుక్షణం ఉద్యోగాలు చేసుకునేవారు దూరమవుతారు. ఒకరు వంటల పుస్తకం, ఒకరు పోటీ పరీక్షల కోసం చరిత్ర, ఒకరు పిల్లవాడికి చదివి వినిపిస్తున్న చందమామ పాత సంచిక పట్టుకొచ్చినా అభ్యంతరం ఉండకూడదు. మూడోది, ఒక నోటు పుస్తకం పెట్టి అందులో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, అది ఎక్కడ దొరికిందనే వివరం తప్పకుండా రాయించండి. ఏడాది గడిచాక మీ సమావేశాలకు మిగిలే ఆస్తి అదే.

పైకి చదవమనడం మా చాదస్తం కాదు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం బలపడిన రోజుల్లో, చదువు రానివారి కోసం గ్రంథాలయాల్లో పత్రికలు, పుస్తకాలు పైకి చదివి వినిపించే అలవాటు ఉండేది. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత అయ్యంకి వెంకట రమణయ్య వంటివారి కృషితో ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం నేటికీ పరిశోధకులకు ఆసరాగా నిలిచి ఉంది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్లకు తిప్పారు. పడవ ఎక్కించి పుస్తకాలు పంపిన వారి మనవలం, లిఫ్టు దిగి పక్క అంతస్తుకు ఒక పుస్తకం తీసుకువెళ్లడానికి బద్ధకించడం ఏం బాగుంటుంది?

ప్రశ్న: నేను చదివేది ఎక్కువగా డిటెక్టివ్ నవలలు, పాత వారపత్రికల సీరియళ్లు. మా గ్రంథాలయంలో ఏం చదువుతున్నారో బోర్డు మీద రాయమన్నారు. అక్కడ అందరూ పెద్ద పెద్ద పేర్లు రాశారు. నేను రాయవచ్చా?
– గృహిణి, కర్నూలు

జవాబు: తప్పకుండా రాయండి, అదీ పెద్ద అక్షరాలతో రాయండి. వెయ్యి నవలలు రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు రైల్వే స్టేషన్లలో కొని చదివినవారి వల్లే తెలుగునాట నవల చదివే అలవాటు పెరిగింది. ఆ బోర్డు మీద కనిపించే పెద్ద పేర్లలో ఎన్ని నిజంగా ఈ వారం తెరిచినవో మాకు అనుమానమే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఆఫీసుకు వెళ్లి వచ్చే దారిలో కారులో తెలుగు కథలు వింటుంటాను. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. మేమిద్దరం ‘చదువుతున్నాం’ అని చెప్పుకోవచ్చా?
– ఒక తండ్రి, అమెరికా

జవాబు: పోతన భాగవత పద్యాలను పుస్తకం తెరవకుండానే పదులకొద్దీ అప్పజెప్పిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు వాటిని నేర్చుకున్నది చాలావరకు చెవులతోనే. పురాణ కాలక్షేపం, హరికథ విని పెరిగిన సమాజానికి, విన్నది చదివినట్టు కాదనే పట్టింపు తగదు. అయితే అన్ని రచనలూ చెవికి ఒకేలా అందవు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి కథల్లో నడక అంతా సంభాషణల్లో ఉంటుంది కాబట్టి, గోదావరి జిల్లాల పలుకుబడి తెలిసినవారు చదివితే వినడానికి ఎంతో బాగుంటాయి. వాక్యం మీద వాక్యం పేర్చి మనస్తత్వాన్ని తవ్వే నవలలు వినేటప్పుడు, స్టీరింగు మీద చేతులుండగా వెనక్కి వెళ్లి మళ్లీ వినడం కుదరదు, కాబట్టి పట్టు తప్పుతుంది. అమ్మాయి విషయంలో ఒక సూచన: విన్న కథనే అచ్చులో తెచ్చి, ముందే తెలిసిన వాక్యాన్ని వేలు పెట్టి చూపించండి. అర్థం ముందే తెలిసినప్పుడు అక్షరం మీద భయం తగ్గుతుంది.

ప్రశ్న: ఎవరో చెప్పిన పుస్తకం చదవాలనుకుంటే అంగట్లో దొరకడం లేదు. ఏం చేయాలి?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలో చూడండి. ఆదివారం అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకండి. అక్కడ అనుకున్నది దొరకకపోవచ్చు, అనుకోనిది తప్పక దొరుకుతుంది. జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి ప్రచురణకర్తలు తమ గోదాముల్లో మిగిలిన పాత ప్రతులు కూడా తెస్తారు.

ప్రశ్న: అందరినీ అడుగుతున్నారు సరే, మీరేం చదువుతున్నారు?
– పలువురు పాఠకులు

జవాబు: బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం చేసిన తెలుగు అనువాదం, ‘వనవాసి’. సగం దాటాను. కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్ అనే యువకుడు బిహార్ అడవుల్లోని ఒక ఎస్టేటుకు మేనేజరుగా వెళతాడు. మొదట్లో అక్కడి ఏకాంతాన్ని భరించలేనివాడు క్రమంగా ఆ అడవిని విడిచి ఉండలేని స్థితికి వస్తాడు. అయితే అతనికి జీతమిస్తున్నదే ఆ అడవి నేలను ముక్కలు చేసి, కౌలుకిచ్చి, సాగులోకి తేవడానికి. ప్రేమించినదాన్ని తన సంతకంతోనే నాశనం చేస్తున్నానని అతనికి తెలుసు, అయినా సంతకాలు చేస్తూనే ఉంటాడు.

ప్రస్తుతం నేను యుగళప్రసాద్ దగ్గర ఆగాను. సొంత లాభం ఏమీ లేకుండా, ఎక్కడెక్కడి నుంచో పూల మొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలో సరస్సు చుట్టూ నాటే మనిషి అతను. సత్యచరణ్ అతనికి తోడ్పడుతూ, అదే చేత్తో పక్క భూమిని పంపకం చేస్తుంటే, రచయిత అతన్ని క్షమిస్తున్నాడా, నిలదీస్తున్నాడా అన్నది నాకు ఇంకా తేలలేదు. పూర్తి చేసినవారెవరైనా ఉంటే ముగింపు చెప్పకుండా, మీకు ఈ సందేహం కలిగిందా లేదా అన్నంతవరకే రాయండి.

ప్రశ్న: ఏం చదువుతున్నానో చెప్పడం నాకూ ఇష్టమే. కానీ చెప్పిన వెంటనే ‘నాకోసారి ఇవ్వండి’ అంటారు. ఇచ్చినవి తిరిగి రావు. పేరు చెప్పడం మానేయమంటారా?
– బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: పరహస్తగతమైన పుస్తకం గతించినట్టేనని పాత శ్లోకం ఒకటి ఉంది. అందులో పుస్తకంతోపాటు స్త్రీని, ధనాన్ని ఒకే గాటన కట్టిన కవిగారి పద్ధతి మాకు నచ్చకపోయినా, పుస్తకం వరకు ఆయన అనుభవం నిజమని ఒప్పుకోక తప్పదు. పేరు చెప్పడం మానవద్దు. చదువుతుండగా మాత్రం ఇవ్వవద్దు. ‘నేను ఇంకా మధ్యలో ఉన్నాను’ అనే మాటకు ఎవరూ నొచ్చుకోరు. పూర్తయ్యాక ఇవ్వదలిస్తే, తీసుకున్నవారి చేతనే మీ నోటు పుస్తకంలో పేరు, తేదీ రాయించుకోండి. నెల తిరిగాక పుస్తకం తిరిగి ఇమ్మని అడగకుండా, ‘ఎంతవరకు వచ్చారు?’ అని అడగండి. చదువుతున్నవారు సంతోషంగా చెబుతారు, చదవనివారు మరునాడే తెచ్చి ఇచ్చేస్తారు.