దూరం ఒక్కటే, వ్యవధి వేరు

ప్రశ్న: లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానానికి దాదాపు 8 గంటలు, తిరుగు ప్రయాణానికి 7 గంటలే పడుతున్నాయి. దూరం ఒక్కటే అయినప్పుడు ఈ తేడా భూమి తిరగడం వల్ల వస్తుందా? పటంలో విమానం దారి వంపుగా కనిపిస్తుంది, అది చుట్టుదారి కాదా?

జవాబు: చుట్టుదారి కాదు, అదే దగ్గరి దారి. గ్లోబు మీద ఈ రెండు నగరాలనూ కలుపుతూ ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే, అది ఉత్తరానికి ఒరిగి కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి సమీపం నుంచి సాగుతుంది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి దించినందువల్లనే ఆ తిన్నని దారి వంపుగా కనిపిస్తుంది. ఆ లెక్కన విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 5,550 కిలోమీటర్లు.

ఇక వ్యవధి సంగతి. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది కనుక, మీరు అనుకున్నట్టు నేల విమానం కింద నుంచి జరిగిపోవడమంటూ ఉండదు. అయితే భూభ్రమణానికి ఇందులో పరోక్షమైన పాత్ర ఉంది. ధ్రువాల వైపు కదిలే వెచ్చని గాలిని అది తూర్పుకు మళ్లిస్తుంది. చల్లని, వెచ్చని గాలులు ఎదురుపడే చోట, 10 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం ఉరవడిగా వీస్తుంది. విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే కనుక న్యూయార్క్ వైపు వెళ్లడమంటే ఏటికి ఎదురీదడమే.

విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు, గాలి వేగం 150 అనుకుందాం. ఎదురుగాలిలో నేల మీది వేగం 750కి తగ్గి 7 గంటల 24 నిమిషాలు పడితే, వెనుక గాలిలో అది 1,050కి పెరిగి 5 గంటల 17 నిమిషాలు పడుతుంది. పోయిన సమయం తిరుగు ప్రయాణంలో పూర్తిగా దక్కుతుందని చాలామంది నమ్ముతారు, కానీ దక్కదు: గాలి లేనప్పుడు రాకపోకలకు 12 గంటల 20 నిమిషాలు సరిపోయేవి, ఇప్పుడు 12 గంటల 41 నిమిషాలయ్యాయి. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉండడమే దీనికి కారణం.

2020 ఫిబ్రవరిలో, తుపాను వేళ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది వేగం 1,300 కిలోమీటర్లు దాటినా అది ధ్వని వేగాన్ని మించినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం మామూలు వేగంతోనే వెళ్లింది.

టికెట్‌పై ఉండే వ్యవధి విమానం గేటు విడిచినప్పటి నుంచి మరో గేటు చేరేవరకు లెక్క. రన్‌వే దగ్గర నిరీక్షణ కూడా అందులోనిదే. బయలుదేరే, చేరే వేళలు ఆయా నగరాల స్థానిక కాలమానంలో ఉంటాయి కాబట్టి ఒకదాని నుంచి మరొకటి తీసివేసి వ్యవధి అనుకోకూడదు. ఏడాదిలో ఎక్కువ భాగం న్యూయార్క్ 5 గంటలు వెనుక ఉంటుంది. జెట్ ప్రవాహం చలికాలంలో బలపడుతుంది కనుక, ఆ నెలల్లో పడమటికి వెళ్లి మరో విమానం అందుకోవలసినవారు రెండింటి మధ్య వ్యవధి కాస్త ఎక్కువగా ఉంచుకోవాలి.