కార్బన్ గ్రిప్ లోపలికి అన్నిటికన్నా తేలికైన ఫోమ్ ఏది?

కొర్రమీను పట్టే గాలం రాడ్‌కి సొంతంగా గ్రిప్ చేసుకుంటున్నారు, కార్క్ వద్దనుకుని ఫోమ్ మీద కార్బన్ స్లీవ్ (కార్బన్ ఫైబర్‌తో అల్లిన గొట్టం) తొడుగుదామనుకుంటున్నారు, అందుకే తేలికైన ఫోమ్ అడిగారు. థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ (నీలం, గులాబీ రంగుల్లో దొరికే ఇన్సులేషన్ షీటు), పీవీసీ ఫోమ్, మూడిటితోనూ నేను చేశాను. మరీ తేలికదాని వెంట పడకండి. ఘనమీటరుకు 80 కిలోల సాంద్రత ఉన్న పీవీసీ ఫోమ్ తీసుకోండి.

లెక్క వేసి చూడండి. 20 సెంటీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల లావు గ్రిప్‌లో బ్లాంక్ (రాడ్ అసలు కర్ర) దూరే 10 మిల్లీమీటర్ల రంధ్రం పోగా మిగిలేది 82 ఘన సెంటీమీటర్లు. ఘనమీటరుకు 35 కిలోలుండే ఎక్స్‌పీఎస్ అయితే 3 గ్రాములు, ఈ పీవీసీ అయితే ఆరున్నర. పైన కార్బన్‌కి పట్టించే రెసిన్ (ఆరాక గట్టిపడే ద్రవం) కాస్త ఎక్కువ పట్టిందంటే మిగిల్చిన ఆ మూడున్నర గ్రాములూ అక్కడే పోతాయి.

గట్టిదనం సంగతి అలా కాదు. నొక్కుడు తట్టుకోవడంలో పీవీసీ ఐదు రెట్లు మెరుగు. బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, ఎక్స్‌పీఎస్ మీద గుంట పడి అలాగే ఉండిపోతుంది, పీవీసీ మీద అంత లోతుగా పడదు. చేప లాగేటప్పుడు వేళ్లు బిగించేది రీల్ సీట్ (రీల్ బిగించే చోటు) పక్కనే. అక్కడ లోపలి ఫోమ్ కుంగితే పైన పలచటి కార్బన్ పొర చిట్లుతుంది.

ఎక్స్‌పీఎస్ ఇప్పటికే కొనేసి ఉంటే వెనక గ్రిప్‌కి వాడుకోండి. రెసిన్ మాత్రం ఎపాక్సీయే కావాలని షాపులో గట్టిగా చెప్పండి. ఫైబర్ పనికి మామూలుగా ఇచ్చేది పాలిస్టర్ రెసిన్, అందులోని స్టైరీన్ థర్మాకోల్‌నీ ఎక్స్‌పీఎస్‌నీ కరిగించేస్తుంది. చెప్పులకు వాడే గమ్ కూడా అంతే. పైన బిగించడానికి హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకునే గొట్టం) వద్దు, వేడికి ఫోమ్ మెత్తబడి వంకర పోతుంది. రెసిన్ పట్టించిన స్లీవ్ మీద ఎలక్ట్రికల్ టేపుని జిగురు వైపు బయటికి ఉండేలా బిగించి చుట్టి, సూదితో అక్కడక్కడా పొడవండి. ఎక్కువైన రెసిన్ ఆ రంధ్రాల్లోంచి కారిపోతుంది.

మామూలు థర్మాకోల్ అసలు వద్దు, రుద్దుతుంటే పూసలు పూసలుగా ఊడొస్తుంది. ఈవీఏ (రబ్బరులా మెత్తగా ఉండే ఫోమ్) మంచిదే గానీ అది విడిగా వాడేది. సాగే గుణం ఉంది కాబట్టి కార్బన్ కింద పెట్టకండి.

రంధ్రం డ్రిల్‌తో మొత్తం తీయకండి, పక్కకు పోతుంది. సన్నగా తొలిచి, పాత రాడ్ ముక్కకి ఎమ్రీ పేపర్ అంటించి దానితో మెల్లగా పెద్దది చేయండి. బ్లాంక్ ఒక వైపు సన్నబడుతూ ఉంటుంది కదా, దానికి తగ్గట్టు అలాగే కుదురుతుంది.