రెండు పొరల్లోని శిలాజాల వైవిధ్యాన్ని పోల్చడం ఎలా?

మీ ప్రశ్న ఇదీ: క్రెటేషియస్ (డైనోసార్లు అంతరించిన కాలం) చివరి పొరలో 1200 ఫోరామినిఫెరా (గుల్లలుండే ఏకకణ సముద్రజీవులు) శిలాజాలు, 40 జాతులు. దాని పైనున్న డేనియన్ (క్రెటేషియస్ తర్వాత వెంటనే వచ్చిన కాలం) పొరలో 150 శిలాజాలు, 12 జాతులు. వైవిధ్యం నిజంగా అంత పడిపోయిందా?

పడిపోయే ఉండొచ్చు, కానీ ఈ అంకెలు ఆ మాట చెప్పలేవు. ఎక్కువ ఏరితే ఎక్కువ జాతులు దొరుకుతాయి. అందరూ ముందు చెప్పేది రేర్‌ఫ్యాక్షన్: పెద్ద సేకరణలోంచి కూడా 150 మాత్రమే తీస్తే సగటున ఎన్ని జాతులు వస్తాయో లెక్కగట్టడం. 1968లో సాండర్స్ చూపించాడు, 1971లో హర్ల్‌బర్ట్ సూత్రాన్ని సరిదిద్దాడు.

నేనైతే అక్కడ ఆగను. జాతులు తక్కువున్న పొరలో 150తో దాదాపు అన్నీ దొరికేస్తాయి, అరుదైనవి బోలెడున్న పొరకు అవే 150 ఏ మూలకూ చాలవు. దాంతో తేడా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అందుకే కవరేజీని సమానం చేయాలి. 2010లో ఆల్రాయ్, 2012లో చావ్, జోస్ట్ పట్టింది ఈ దారే. ఇంకో శిలాజం తీస్తే అది ఇప్పటికే చూసిన జాతిదే అయ్యే అవకాశమే కవరేజీ. ఒక్కటే దొరికిన జాతుల సంఖ్యను మొత్తం నమూనాలతో భాగించి 1లోంచి తీసేస్తే సుమారుగా వచ్చేస్తుంది. మీ డేనియన్ పొరలో అలాంటివి 6 ఉంటే 0.96. పెద్దదాన్నీ 0.96కి దించి పోల్చండి. ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఐనెక్స్ట్ (iNEXT) ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది.

అసలు తలనొప్పి జల్లెడతో. తొలి డేనియన్ జాతులు చాలావరకు 150 మైక్రాన్లకన్నా చిన్నవి. రాజమండ్రి దగ్గర లావా పొరల మధ్య రాళ్లలో ఉన్నవీ ఆ కాలపువే. మా దగ్గరికి వచ్చిన పాత శాంపిళ్లు 150 మైక్రాన్ల జల్లెడలో కడిగినవి, పొట్టివన్నీ నీళ్లతోపాటే పోయాయి. పోయినవాటిని ఏ లెక్కా వెనక్కి తేలేదు. అదృష్టంకొద్దీ రాయి మిగిలింది కాబట్టి మళ్లీ నానబెట్టి 63 మైక్రాన్ల జల్లెడతో కడిగాం.

ఇంకోటి. చాలామంది 300 దాకా లెక్కపెట్టి, తర్వాత మిగతా ట్రే అంతా అరుదైన జాతుల కోసం వెతుకుతారు. మంచి అలవాటే, కానీ అలా దొరికినవి పట్టికలో ఒక్కొక్కటిగా చేరితే కవరేజీ ఉత్తినే పడిపోతుంది. వాటిని వేరే కాలమ్‌లో పెట్టండి. కింది పొరలోంచి కొట్టుకొచ్చిన క్రెటేషియస్ జాతులనీ డేనియన్ లెక్కలోంచి తీసేయాలి.

మీ రెండు శాంపిళ్లకూ ఏ జల్లెడ వాడారో రాయండి. అది తెలియకుండా గ్రాఫ్ గీసి లాభం లేదు.