అబ్బాయి ఫ్రెటర్నిటీలో చేరతానంటే ఏం అడగాలి?

ప్ర: మేడమ్, మా అబ్బాయిని ఇంటర్ అయ్యాక అమెరికాలో డిగ్రీకి పంపాం. ఇప్పుడు రెండో ఏడాది. అక్కడేదో ఫ్రెటర్నిటీ అట, కాలేజీ పిల్లల సంఘం లాంటిది, అందులో చేరతానంటున్నాడు. చదువు అయిపోయిన పెద్దవాళ్ళు కూడా అందులో ఉంటారట, ఉద్యోగాలు ఇప్పిస్తారట. మావారేమో అవన్నీ తాగుడు పార్టీలే, వద్దంటున్నారు. పైగా డబ్బు కట్టాలట. నాకు ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జ: మీవారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా. అలాగని అబ్బాయి చెప్పేది అబద్ధమూ కాదు. ముందు అది ఏ రకం సంస్థో అడగండి. చాలాచోట్ల అందరూ ఒకే ఇంట్లో ఉండే సోషల్ ఫ్రెటర్నిటీలు వేరు, బిజినెస్, ఇంజనీరింగ్ పిల్లల కోసం పెట్టిన ప్రొఫెషనల్ ఫ్రెటర్నిటీలు వేరు, మార్కులు చూసి పిలిచే ఫై బీటా కప్పా లాంటి ఆనర్ సొసైటీలు ఇంకా వేరు. ఈ ఫై బీటా కప్పా 1776 నాటిది, గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకోవడం దాంతోనే మొదలైంది. మన దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్నవీ ఉన్నాయి, డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో పుట్టింది.

ఇక పెద్దవాళ్ళ సంగతి. చాలా ఫ్రెటర్నిటీల్లో పిల్లలు ఉండే ఇల్లు యూనివర్సిటీది కాదు, ఆ పిల్లలదీ కాదు, హౌస్ కార్పొరేషన్ అని పాత సభ్యులు పెట్టుకున్న సంస్థది. కప్పు కారితే బాగుచేయించడం, ఇన్సూరెన్స్ కట్టడం, అద్దె వసూలు చేయడం, ఇలాంటి జీతం లేని చాకిరీ అంతా సొంత ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న మనుషులు సాయంత్రాలు కూర్చుని చేస్తారు. ఇంకొందరు సలహాదారులుగా ఉంటారు. ఒకరు ట్రెజరర్ కుర్రాడితో కూర్చుని లెక్కలు చూస్తారు, ఒకరు మార్కులు పడిపోయినవాళ్ళని పట్టించుకుంటారు, ఒకరు పార్టీలు చెయ్యి దాటకుండా చూస్తారు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలు చందాలు వసూలు చేసి, బడ్జెట్ వేసుకుని, తప్పు లెక్కకి జవాబు చెప్పడం నేర్చుకునేది అక్కడే. నన్నడిగితే అసలు లాభం ఇదే. ఉద్యోగం ఇప్పించడం ఎవరి చేతిలోనూ ఉండదు. రెజ్యూమె దిద్దుతారు, మాక్ ఇంటర్వ్యూ చేస్తారు, మా కంపెనీలో ఫలానా ఆయనతో ఒకసారి మాట్లాడు అంటారు, అంతే. అంతే అన్నాను గానీ, ఆ ఊళ్ళో ఎవరూ తెలియని మనవాడికి అది తక్కువేం కాదు.

మన హైదరాబాద్‌లో దీనికి దగ్గరగా చెప్పాలంటే రాజాబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో వచ్చిన రెడ్డి హాస్టల్ లాంటివి చెప్పాలి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి గది, భోజనం, వెనక పెద్దల అండ. కులం లెక్కలూ ఉండేవి, అది వేరే కథ.

ఇప్పుడు మీవారి వైపు. పాత సభ్యులందరూ దేవుళ్ళనుకోకండి. 'మేం పడ్డాం, వీళ్ళూ పడాలి' అనే బాపతు కూడా వాళ్ళలోనే ఉంటారు, హేజింగ్ అని అక్కడ పిలిచే ర్యాగింగ్ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అంటుకునేది ఇలాంటి మనుషుల వల్లే. కొత్తవాళ్ళ చేత సీసాలకు సీసాలు తాగించి ప్రాణాలు తీసిన ఘటనలు చాలానే ఉన్నాయి. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే పెద్ద ఫ్రెటర్నిటీ ఈ తలనొప్పి భరించలేక, కొత్తవాళ్ళని కొన్ని వారాలు 'పరీక్షించే' ప్లెడ్జింగ్ పద్ధతినే 2014లో ఎత్తేసింది. 2024 డిసెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం కూడా తెచ్చింది. హేజింగ్ చేసినట్టు తేలిన సంస్థల వివరాలు యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. వీడియో కాల్‌లో అబ్బాయి చేత ఆ పేజీ తెరిపించి, మీరు కూడా చదవండి.

తర్వాత రెండు మూడు ప్రశ్నలు అడగండి. మీ చాప్టర్ (అంటే ఆ కాలేజీలోని ఫ్రెటర్నిటీ శాఖ) అడ్వైజర్ ఎవరు? ఆయన పిల్లల్ని చివరిసారి ఎప్పుడు కలిశాడు? అర్ధరాత్రి ఏదైనా గొడవైతే ఎవరికి ఫోన్ చేస్తారు? పేరుతో సహా టక్కున చెప్తే మంచి సూచనే. 'పాత సభ్యులా, హోమ్‌కమింగ్ మ్యాచ్‌కి (పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే పండగ లాంటిది) వస్తారు, బీరు తెస్తారు' అంటే మాత్రం మీవారి మాటే వినండి. సెమిస్టర్ చందా ఎంత, ఇంటి అద్దె అందులోనే కలిసిందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి కాగితం మీద చూపించమనండి. అక్కడ ఇరవై ఒకటి నిండేదాకా మందు చట్టవిరుద్ధం, తాగి కారు నడిపి పట్టుబడితే స్టూడెంట్ వీసాలు రద్దు చేసిన సందర్భాలున్నాయి. ఈ ఒక్క విషయం మాత్రం నాన్నగారి చేతే చెప్పించండి, గట్టిగానే.

ప్ర: షికాగోలో డిగ్రీ చదివేటప్పుడు ఫ్రెటర్నిటీలో ఉన్నాను. ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మా చాప్టర్ కుర్రాళ్ళు అప్పుడప్పుడు మెసేజ్ పెడతారు. వాళ్ళకి ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా, లేక డబ్బు పంపించి ఊరుకోవాలా?
– ఒక పాఠకుడు

జ: డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. చాప్టర్ చేతికి కాకుండా, స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ఫౌండేషన్ మీ ఫ్రెటర్నిటీకి ఉంటే దానికి పంపండి. ఇక్కడి 80జి పన్ను మినహాయింపు దానికి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

డబ్బు కన్నా మీ టైమ్ విలువైనది, కాకపోతే అది ఇవ్వడం కష్టం. షికాగోలో ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మీటింగ్ అంటే మనకి సోమవారం తెల్లవారుజామున, అక్కడి ఎండాకాలంలో ఐదింటికి, చలికాలంలో ఆరింటికి. ప్రతి మీటింగ్‌కీ లేవనక్కర్లేదు. ఇద్దరు కుర్రాళ్ళని తీసుకోండి, ఇద్దరే, నెలకోసారి అరగంట మాట్లాడండి. మీ కాలం కబుర్లు మొదటి ఐదు నిమిషాల్లో ముగించి వాళ్ళని మాట్లాడనివ్వండి. ఎవర్ని ప్రెసిడెంట్ చేయాలి, పార్టీకి ఏ థీమ్ పెట్టాలి అన్న వాటిలో వేలు పెట్టకండి, అది వాళ్ళ సంస్థ. హేజింగ్ గురించి చెవిన పడితే మాత్రం 'మనవాళ్ళే కదా' అని నొక్కేయకుండా అదే రోజు చాప్టర్ అడ్వైజర్‌కీ యూనివర్సిటీకీ చెప్పండి.

ఇంకొకటి, ఇది మీరిక్కడ ఉన్నారు కాబట్టే చేయగల పని. ఆ చాప్టర్‌లో మనవాళ్ళ పిల్లలుంటే వాళ్ళ అమ్మానాన్నలు ఈ ఊళ్ళోనే, పై ఉత్తరం రాసిన తల్లిలా నిద్రపట్టక కూర్చుని ఉండొచ్చు. ఒక ఆదివారం టీకి పిలిచి, ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సెలవులకి పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళనీ మీ ఆఫీసుకి ఒక పూట తీసుకెళ్ళండి.

ప్ర: ఘట్‌కేసర్ దగ్గర బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. మన కాలేజీల్లో ఇలాంటి వ్యవస్థ ఎందుకు లేదు మేడమ్? లింక్డ్ఇన్‌లో సీనియర్లకి 'అన్నా, రిఫర్ చేయండి' అని పెడితే ఒక్కరూ జవాబివ్వడం లేదు.

జ: అసలు లేదనకు నాన్నా. ప్రతి జనవరిలో నువ్వు మిర్చి బజ్జీలు తినే నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిందే, ఆ ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయంతో కాలేజీలే నడుస్తున్నాయి. మన అలవాటులో ఉన్న లోపం ఏంటంటే, అల్యుమ్ని మీట్ అనగానే స్టేజీ, శాలువా, బిర్యానీ, గ్రూప్ ఫోటో. జూనియర్లని కుర్చీలు వేయడానికి పిలుస్తారు, మాట్లాడటానికి పిలవరు. ఈసారి మీ కాలేజీ మీట్ ఉంటే మధ్యాహ్నం రెండు గంటలు రెజ్యూమెలు దిద్దడానికి కేటాయించమని మీరే ప్రిన్సిపాల్‌ని అడగండి. శాలువా ఖర్చు కూడా ఉండదు.

మెసేజ్ సంగతికొస్తే, ముక్కూ మొహం తెలియనివాడు 'రిఫర్ చేయండి' అంటే ఆ అన్న ఏం చేస్తాడు చెప్పు? ఏ బ్రాంచి, ఏ ఏడాది, ఆ కంపెనీలో ఏ ఉద్యోగం, దాని జాబ్ ఐడీ, దానికి పనికొచ్చే నువ్వు చేసిన ప్రాజెక్టు ఒకటి. నాలుగు లైన్లు, దాటకు. లేదంటే అసలు ఉద్యోగం అడక్కుండా, ఆయన పని గురించి నిజంగా తెలుసుకోవాలనుకున్న ప్రశ్న ఒకటి అడుగు, వాటికి జవాబు రావడం తేలిక. వారం తర్వాత ఒకసారి గుర్తు చెయ్యి, మళ్ళీ మళ్ళీ వద్దు. రెజ్యూమె పీడీఎఫ్‌లో పంపు, ఫైలుకి 'ఫైనల్ ఫైనల్ 2' అని కాకుండా నీ పేరు పెట్టు.