విడిచింది ఎక్కడికి పోతుందో చూసుకో

చిత్తూరు,
12-2-2026

పాపా,

నువ్వు పంపిన మెసేజి మూడుసార్లు చదివినాను. "ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలం వస్తోంది, ఈసారి ఏం విడిచిపెట్టేది పెద్దమ్మా, టీనా, ఫోనా, కోడికూరా?" అని అడిగినావు. దాని కిందనే, "ప్రార్థనకు కూర్చుంటే గోడతో మాట్లాడినట్టుంది" అని రాసినావు. ఆ రెండో మాట నన్ను రాత్రి నిద్రపోనీలేదు. ఫోనులో చెప్పేది కాదని కాగితం తీసినాను.

ముందు నియమం చెప్తా, అది చిన్నదే. 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి 60వ ఏడు మొదలయ్యేదాకా ఉపవాసం ఉండాలి. అది కూడా తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన పవిత్ర శుక్రవారం, ఈ రెండు రోజులే. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కొంచెం. తపస్సుకాలంలో శుక్రవారాలు మాంసం ముట్టకూడదు, అది 14 ఏళ్ళు నిండినవాళ్ళకంతా. జబ్బు మనుషులకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఉపవాసం లేదు. నువ్వు షాపులో పొద్దంతా నిలబడే మనిషివి. ఆ రెండు రోజులు మధ్యాహ్నం సంగటి, పచ్చిపులుసు గట్టిగా తిను, మిగతా పూటలు మజ్జిగో అరటిపండో చాలు. కళ్ళు తిరిగి పడిపోయేంత ఒకపొద్దు దేవుడు అడగలేదు.

ఇంక నువ్వడిగింది. టీ విడువు, కోడికూర విడువు, నీ ఇష్టం. విడిచింది ఎక్కడికి పోతుందో మాత్రం చూసుకో. నేను చాలా ఏళ్ళు నలభై రోజులు మాంసం మానేసినదాన్నే. ఆ డబ్బుతో వడలు, పాయసం చేసుకొని మా ఇంట్లోనే తిన్నాము. ఉపవాసమని పేరు, ఆకలైనవాళ్ళకు ఒక్క మెతుకు చేరలేదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీసి చూడు. ప్రభువు ముందు దానం గురించి చెప్తాడు, తర్వాత ప్రార్థన, ఆ తర్వాతే ఉపవాసం. ఇప్పుడు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తా. ఈస్టరు పండుగనాటికి రెండు కిలోలు దాటుతాయి. అవి మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామెకు పోతాయి. నువ్వు టీ మానితే ఆ పైసలు ఒక చోట వేసిపెట్టు, ఎవరికివ్వాలో ఇప్పుడే మనసులో అనుకో. ఫోను మానితే ఆ అరగంట ఎవరిదో కూడా అనుకో.

తిరుపతిలో ఉంటూ దీనికి సిగ్గుపడొద్దు. ఈ ఆదివారమే శివరాత్రి, నీ చుట్టూ ఎంతమంది జాగారం చేస్తారో చూడు. రంజాను నెల కూడా విభూది బుధవారం వచ్చే వారంలోనే మొదలవుతుంది. అలిపిరి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళను చూసిన ఊరికి నీ ఒకపొద్దు వింత కాదు. నుదుటి మీద బూడిద సిలువ చూసి షాపులో ఎవరన్నా అడిగితే తుడుచుకోకుండా చెప్పు, మట్టిలోనుంచి వచ్చినాము, మట్టిలోకే పోతాము అని గుర్తుకు పెట్టుకొన్నామని.

గోడ సంగతికి వస్తా. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనం చేసి ఆరేళ్ళయిందని నువ్వే ఒకసారి అన్నావు. పండుగ ముందటి పవిత్ర వారంలో పోదాంలే అనుకోవద్దు. అప్పుడు వరస గుడి బయటిదాకా ఉంటుంది, నీ మాట రెండు నిమిషాల్లో అయిపోతుంది. మొదటి వారంలోనే పో. "ఎట్ల చెప్పాలో మరచిపోయినాను, సాయం చేయండి ఫాదర్" అంటే చాలు, ఆయనే నడిపిస్తాడు. నువ్వు చెప్పింది ప్రాణం పోయినా బయట చెప్పే హక్కు ఆయనకు లేదు.

ఇది నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. గట్టు మీది బెంగుళూరా మామిడిచెట్టు కోసం మా తోడికోడలితో నాకు తొమ్మిదేళ్ళు మాటల్లేవు. ఒక పవిత్ర శుక్రవారం సిలువను ముద్దుపెట్టుకొనే వరసలో ఆమె నా ముందే నిలబడింది. నేను వెనక్కి జరిగి నలుగురిని మధ్యలోకి రానిచ్చినాను. నలభై రోజుల ఉపవాసం కడుపులో పెట్టుకొని చేసిన పని అది. మరుసటేడు పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పినాను. ప్రాయశ్చిత్తంగా మూడు జపాలు చెప్పమంటారనుకొన్నా. "ఆమె ఇంటికి పోయి తాగడానికి నీళ్ళడుగమ్మా" అన్నారు ఫాదర్. ఎండలో పోయి వాకిట్లో నిలబడి అడిగినాను. చెంబు తెచ్చి ఇచ్చింది, కూర్చో అనలేదు. మరుసటి శుక్రవారమూ పోయినా, అప్పుడూ అనలేదు. మూడో శుక్రవారం చెంబు ఇస్తూ, "మోకాళ్ళు నొప్పులంటనే, కూర్చో" అనింది.

ఈ ఏడు మార్చి 8, మూడో ఆదివారం పూజలో సమరియ స్త్రీ సువార్త చదువుతారు, యోహాను నాలుగో అధ్యాయం. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర అలిసిపోయి కూర్చొని ప్రభువే ఆమెను నీళ్ళడుగుతాడు. చివరికి ఆమె తెచ్చుకొన్న కుండ అక్కడే విడిచి ఊళ్ళోకి పోతుంది. ఆ ఆదివారం దాకా రోజూ రాత్రి పది నిమిషాలు అదొక్కటే చదువు. ఎక్కువ మాటలు వెతుక్కోవద్దు, షాపులో ఆ రోజు ఏం జరిగిందో ఆయనకు చెప్పు. అసలు మాటే రాని రోజు 51వ కీర్తన ఉంది. గోడలాగే అనిపించినా లేచి పోవద్దు, ఆ పది నిమిషాలూ కూర్చో. శుక్రవారం డ్యూటీ పడి, ప్రభువు సిలువ మోసిన దారిని తలచుకొనే సిలువమార్గానికి పోలేకపోతే ఇంటికొచ్చి పద్నాలుగు స్థలాలు మెల్లగా చెప్పుకో.

మీ అక్కతో నువ్వు మాట్లాడడం లేదని నాకు తెలుసు. ఎవరిది తప్పని నేను అడగను.

పవిత్ర గురువారానికి చిత్తూరు వచ్చెయ్, ఏప్రిల్ 5 ఈస్టరు పండుగ మా ఇంట్లోనే చేసుకొందాం. ఇంకొకటి, మరచిపోవద్దు. పోయినేడు మట్టల ఆదివారం తెచ్చిన మట్ట మీ ఇంట్లో పటం వెనక ఎండి ఉంటుంది. ఆదివారం పూజకు పోయేటప్పుడు తీసుకుపోయి గుడిలో ఇయ్యి. దాన్ని కాల్చి బుధవారానికి విభూది చేస్తారు.

మీ పెద్దమ్మ