క్రియాటినిన్ మామూలే, మరి బైకార్బొనేట్ మాత్రలెందుకు?

కిడ్నీల వడపోత ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ బాగానే ఉన్నా, రక్తంలో ఆమ్లం పెరిగిందని సోడియం బైకార్బొనేట్ ఎందుకు రాశారని అడిగారు. దీన్ని రీనల్ ట్యూబులర్ అసిడోసిస్ అంటారు. కిడ్నీల్లో వడపోత సరిగానే ఉంటుంది, వాటిలోని సన్నటి నాళికలే ఆమ్లాన్ని బయటికి పంపలేవు (మొదటి రకం), లేదా ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌ను నిలుపుకోలేవు (రెండో రకం). ఆ లోటును మాత్రలు పూడుస్తాయి.

మొదటి రకంలో పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1–2 మిల్లీఈక్వివలెంట్ల (మందు మోతాదు కొలత) బైకార్బొనేట్ సాధారణంగా చాలు. రెండో రకంలో ఇచ్చింది ఇచ్చినట్టే మూత్రంలో పోతుంది, 10–15 దాకా కావాలి. ఈ రెండింట్లో రక్తంలో పొటాషియం పడిపోతుంది కాబట్టి పొటాషియం సిట్రేట్ కూడా వాడతారు. కండరాలు చచ్చుబడేంతగా పడిపోతే ముందు పొటాషియమే ఎక్కించాలి, బైకార్బొనేట్ ఆ తర్వాతే.

నాలుగో రకం, మధుమేహుల్లో తరచూ కనిపించేది, పూర్తిగా వేరు: పొటాషియం పెరుగుతుంది. వాళ్లకు పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు కూడా ప్రమాదమే.

పిల్లలకైతే దయచేసి మాత్రలు మధ్యలో ఆపకండి. వేళకు వేస్తే కుంటుపడిన ఎదుగుదల మళ్లీ పుంజుకుంటుంది.