కొలిస్తే 180 ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. త్రిభుజం గీసి మూడు కోణాలూ కొలిచి కూడితే ఒకసారి 177, ఒకసారి 183 వస్తోంది. 180 రావాలి కాబట్టి చివరి కోణం చెరిపి సరిపెట్టేస్తోంది. తప్పెక్కడ జరుగుతోంది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ సరిపెట్టడం మాన్పించండి. వచ్చింది వచ్చినట్టు రాస్తేనే తప్పు దొరుకుతుంది.

జామెట్రీ బాక్సులోని కోణమానిని సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే కేంద్రం నుంచి అంచుకు 5 సెంటీమీటర్లు. అక్కడ ఒక డిగ్రీ అంటే 0.9 మిల్లీమీటరు కూడా ఉండదు. పెన్సిల్ మొద్దుబారితే గీతే ఇంచుమించు అంత లావు! కేంద్రం శీర్షం మీంచి మిల్లీమీటరు పక్కకు జరిగినా డిగ్రీ దాకా తేడా వస్తుంది. మూడు కొలతలు కలిస్తే రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవడంలో వింతేమీ లేదు.

పెన్సిల్ చెక్కించి, పెద్ద త్రిభుజం గీయించండి. భుజం పొట్టిదైతే కోణమానిని అంచు దాటేదాకా స్కేలుతో పొడిగించాలి. భుజం మీద పెట్టాల్సింది సున్నా గీతను, ప్లాస్టిక్ అడుగు అంచును కాదు. చాలా కోణమానినుల్లో ఈ రెంటి మధ్య కొంత జాగా ఉంటుంది, పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మొత్తం 140 లాగా వస్తే అది వేరే తప్పు: రెండు వరుసల అంకెల్లో 110 చదవాల్సిన చోట 70 చదివి ఉంటుంది. కొలిచే ముందే ఆ కోణం లంబకోణం కంటే పెద్దదా, చిన్నదా అని చూసుకోమనండి.

అయితే ఎంత బాగా కొలిచినా అది నిరూపణ కాదు. ఏబీసీ త్రిభుజంలో పై శీర్షం ఏ గుండా బీసీకి సమాంతరంగా గీత గీయండి. గీత కింద ఏ దగ్గర మూడు కోణాలు పక్కపక్కనే ఉంటాయి. ఎడమది బీ కోణానికి, కుడిది సీ కోణానికి సమానం, ఏకాంతర కోణాలు (సమాంతర రేఖల మధ్య, అడ్డగీతకు చెరోవైపు ఉండేవి) కాబట్టి. మధ్యది ఏ కోణమే. మూడూ కలిసి సరళకోణం, 180. త్రిభుజం ఎలాంటిదైనా సరే, ఇది చెల్లుతుంది. కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి ఒకచోట చేర్చినా ఇదే కనిపిస్తుంది. కత్తెర వద్దు, చేత్తో చింపితే అంచు గరుకుగా ఉండి, అసలు మూల ఏదో తెలుస్తుంది.

ప్రశ్న: గ్లోబు మీద గీసినా 180 వస్తుందా?

జవాబు: రాదు, ఎక్కువ వస్తుంది. ఉత్తర ధ్రువం నుంచి 0, 90 డిగ్రీల రేఖాంశాల వెంట భూమధ్యరేఖ దాకా దిగితే మూడూ లంబకోణాలే, మొత్తం 270. గోళం మీద రేఖాంశాల్లాంటి మహావృత్తాలే (గోళాన్ని సరిగ్గా సగానికి విడదీసే వృత్తాలు) ‘సరళరేఖలు’. ఏ రెండైనా కలుసుకోక తప్పదు కాబట్టి పైన గీసిన సమాంతర రేఖ అక్కడ కుదరదు.